గడప దగ్గర కూర్చున్న అక్కల కోసం

(నాగర్‌కర్నూలు దగ్గరి ఒక ఊరిలో జరిగిన ఆడవాళ్ల కూటంలో ఒక ఉపాధ్యాయురాలి ప్రసంగ పాఠం. గద్వాల, వనపర్తి వైపు కూటాల్లో వచ్చిన ప్రశ్నలకు చెప్పిన జవాబులు కూడా ఇందులోనే కలిపాము.)



ఈ మూడు జిల్లాల్లో మేము పోయిన ప్రతి కూటంలో ఒకటి చూశాము. ముందర చాప ఖాళీగా ఉన్నా కొందరు అక్కలు గడప దగ్గరే కూర్చుంటారు. మాటల నడుమ లేచి పోతారు, కొంతసేపటికి వస్తారు, మళ్లీ పోతారు. కొందరు పోయినవాళ్లు పోయినట్టే. 'వీళ్లకు ఉద్యమం మీద మనసు లేదు' అని మనవాళ్లే అన్నారు. మనసు లేక కాదు. ఒంటేలు ఆగక.

దగ్గితే, తుమ్మితే, నవ్వితే, తట్ట ఎత్తితే నాలుగు చుక్కలు కారుతాయి. కొందరికి 'వస్తున్నది' అనుకునే లోపలే చీర తడుస్తుంది. కొందరికి రాత్రీ పగలూ కారుతూనే ఉంటుంది. భూమి గురించి మాట్లాడుకున్నాము. కూలి గురించి, రెండు గ్లాసుల గురించి మాట్లాడుకున్నాము. దీని గురించి మాత్రం మన కరపత్రాల్లో ఒక్క లైను లేదు. మగవాళ్లు రాశారు గనుక లేదు. రాయడం వచ్చిన ఆడవాళ్లము మేము కూడా రాయలేదు గనుక లేదు.

మా అమ్మ సంగతి చెబుతాము. ఆమె పాలమూరు లేబర్. గుంపు మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సుకు నాయినతో కలిసి రాష్ట్రాలు దాటిపోయి కాలువ కట్టల మీద మట్టి మోసింది. ఆరు కాన్పులు. అందులో రెండు పని చోటనే, గుడిసెలో. పదిహేనో రోజుకే తట్ట నెత్తికెత్తుకుంది. ఆ కూలి పైసలతోనే మాకు పలక కొన్నది. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయిన మొదటి మనిషి ఇప్పుడు మీ ముందర నిలబడి మాట్లాడుతున్నది.

నలభై ఏళ్లు దాటినాక అమ్మ పెండ్లిళ్లకు రావడం మానేసింది. బస్సెక్కడం మానేసింది. పాత చీర చింపి మడతలు పెట్టుకునేది. చీకటి పడ్డాక ఉతికి కట్టెల మోపు చాటున ఆరేసేది. మేము చూశాము. చదువుకున్నవాళ్లమై కూడా 'ఏమైందమ్మా' అని అడగలేదు. పోయే ముందు ఏడాది ఆమే అన్నది: "బిడ్డా, నేను వాసనొస్త. నన్ను ఏడికి దీస్కపోకు."

ఊరు మనల్ని అంటరానివాళ్లు అన్నది. ఆ మాట మీద కొట్లాడినాము. మా అమ్మ మాత్రం సొంత ఇంట్లో తనను తానే దూరం పెట్టుకుంది. ఆ అంటు మీద ఎవరమూ కొట్లాడలేదు. ఈ రోజు మాట దాని మీద.

మొదట, ఒంట్లో జరిగేది ఏందో తెలుసుకుందాము. పెద్దవాళ్లకు మోట యాదికున్నది గదా. మన తాతలు కుట్టిన తోలు బొక్కెన, దాని కింద తొండం. తొండం మూతిని ఒక సన్న తాడు పైకి పట్టి ఉంచుతుంది. బొక్కెన పైకొచ్చేదాకా ఆ తాడు బిగువుగా ఉంటే నీళ్లు ఒక్క చుక్క కారవు. ఒడ్డుకు వచ్చినాక తాడు వదిలితే కాలువలో పడతాయి.

మన పొత్తికడుపులో ఉన్న మూత్రపు సంచి కూడా అలాంటిదే. అర లీటరు దాకా పడుతుంది. సగం నిండకముందే 'పోవాలె' అని మనకు తెలుస్తుంది. సంచి కింద మూతిని బిగించి పట్టేది కండరం. ఆ మూతినీ, సంచినీ, గర్భసంచినీ, పెద్దపేగు చివరనూ కింద నుంచి మోసేది ఇంకొక కండరాల పొర. ముందున్న ఎముక నుంచి వెనక వెన్ను చివర దాకా ఊయల గుడ్డ కట్టినట్టు ఉంటుంది. ఈ ఊయల గుడ్డ, ఆ సన్న తాడు గట్టిగా ఉంటే దగ్గినా తుమ్మినా ఏమీ కాదు.

కారడంలో రకాలున్నాయి. మందు వేరు వేరు గనుక ఏ రకమో తెలుసుకోవాలి.

ఒకటి, తాడు వదులైన రకం. దగ్గు, తుమ్ము, నవ్వు, బరువు, ఇవి కడుపులో ఒత్తిడి పెంచుతాయి. వదులైన మూతి తట్టుకోలేదు. చుక్కలు పడతాయి. కాన్పులైన ఆడవాళ్లలో ఇది ఎక్కువ.

రెండు, తాడు బాగానే ఉన్నా ఎద్దులు చెప్పకుండా ఉరికిన రకం. సంచి నిండకముందే తనంతట తానే పిండుకుంటుంది. గడప దాటే లోపలే అయిపోతుంది. రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తుంది. చాలామందికి ఈ రెండు రకాలూ కలిసి ఉంటాయి.

మూడు, బొక్కెన పొర్లిన రకం. సంచి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, నిండి నిండి బయటికి వస్తుంది. షుగరు ముదిరి నరాలు దెబ్బతిన్నవాళ్లలో ఇది చూస్తాము.

నాలుగు, తోలుకే తూటు పడ్డ రకం. మూత్రపు సంచికీ యోనికీ నడుమ రంధ్రం పడుతుంది. దీన్ని ఫిస్టులా అంటారు. ఇది ఆగి ఆగి కారేది కాదు, అస్తమానం కారుతుంది. దీని గురించి వేరుగా చెబుతాము.

మరి తాడు ఎందుకు వదులవుతుంది? 'వయసు' అంటారు. ముట్టు ఆగిపోయినాక ఒంట్లో హార్మోను తగ్గి ఆ చోటు పలుచబడుతుంది, నిజమే. అయితే దొరసానికీ వయసు వస్తుంది. మన ఆడవాళ్లకు ముప్పయి అయిదేళ్లకే ఎందుకు వస్తున్నది? వరుస కాన్పులు. కాన్పులో సాగిన కండరం మళ్లీ బిగువు కావాలంటే వారాలు, నెలలు పడుతుంది. ఆ నడుమనే తట్ట, మోపు, బిందె నెత్తికెక్కుతాయి. దుమ్ములో పని, పొయ్యి పొగ, బీడీ, వీటితో తెగని దగ్గు. నీళ్లు చాలక మలబద్ధకం, రోజూ ముక్కడం. ఇవన్నీ ఆ ఊయల గుడ్డను కిందికి గుంజుతాయి.

ఒక లెక్క చూడండి. సర్కారు బడిలో టీచరమ్మకు కాన్పు అయితే జీతంతో 180 రోజుల సెలవు. మేము ఆ సెలవు తీసుకున్నాము. మా అమ్మకు పద్నాలుగు రోజులు, అదీ కూలి లేకుండా. ఒకే రక్తం, ఒకే ఒళ్లు. తేడా ఎక్కడున్నదో మీరే చెప్పండి.

బాబాసాహెబ్ దీన్ని ఎప్పుడో చూశాడు. 1928 జూలైలో బొంబాయి శాసన మండలిలో కార్మిక స్త్రీల ప్రసూతి బిల్లు వస్తే దాన్ని బలపరిచి మాట్లాడాడు. 1929లో అది చట్టమైంది. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూసినప్పుడు గనుల్లో పనిచేసే ఆడవాళ్ల ప్రసూతి చట్టాన్ని సవరింపజేశాడు. బాలింతకు విశ్రాంతి దయ కాదు, హక్కు అని మన ఉద్యమం అప్పుడే అన్నది. అది ఫ్యాక్టరీ దాకా వచ్చింది, గని దాకా వచ్చింది. కాలువ కట్ట దాకా, పత్తి చేను దాకా రాలేదు.

పత్తి చేను అంటే యాదికొచ్చింది. గద్వాల వైపు సీడు పత్తిలో క్రాసింగ్ పనికి పోయే చెల్లెండ్లకు తెలుసు. పొద్దున పూలు విచ్చుకున్న కొన్ని గంటల్లోనే పుప్పొడి అద్దాలె. సాలు విడిచి పోయేందుకు లేదు. పోదామన్నా చాటు లేదు. గట్టు దిక్కు పోతే చేను ఆసామి కన్ను. అందుకని పొద్దున్నుంచి నీళ్లు తాగరు. బడిలో ఆడపిల్లలూ ఇంతే. సాయంత్రం బడి గంట కొట్టేదాకా గొంతు తడపరు.

నీళ్లు తాగకపోతే కారదు అనుకుంటారు. అది తప్పు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి సంచిని మండిస్తుంది, సంచి ఇంకా ఎక్కువ పిండుకుంటుంది. క్రిములు చేరి మంట వస్తుంది, మలబద్ధకం వస్తుంది. గంటల తరబడి బిగబట్టినా కష్టమే. రోజుకు రెండు లీటర్ల దాకా నీళ్లు, ఎండలో పని ఉంటే ఇంకా ఎక్కువ తాగాలి. మెలకువగా ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి పోవాలి. టీ తగ్గించాలి, ముఖ్యంగా పొద్దుగూకినాక.

ఇక మందు సంగతి. మొదటి మందుకు పైస ఖర్చు లేదు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు ఈ కండరానికి కసరత్తు చెప్పాడు. ఇప్పటికీ డాక్టర్లు మొదట చెప్పేది అదే. రాసుకోండి, రాయడం రానివాళ్లు పక్కనున్న పిల్లకు చెప్పి యాదుంచుకోండి.

ఒంటికి పోయి వచ్చి, పండుకొని గానీ కూర్చొని గానీ చేయండి. గాలి పోకుండా ఎట్లా బిగబడతామో, ఒంటేలు నడుమ ఎట్లా ఆపుకుంటామో, అట్లా ఆ చోటును లోపలికి, పైకి గుంజండి. పొట్ట, తొడలు, పిర్రలు బిగించొద్దు. ఊపిరి ఆపొద్దు. అయిదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచి, అంతే సేపు వదిలేయండి. మొదట్లో మూడు లెక్కలదాకే ఆగినా ఫరవాలేదు. ఇట్లా ఎనిమిది నుంచి పది సార్లు. పొద్దున, పగలు, రాత్రి. రోజుకు మూడు పూటలు, మూడు నెలలు విడవకుండా. నాలుగు రోజులు చేసి 'గుణం లేదు' అనొద్దు. కండ బలం నాలుగు రోజులకు రాదని మనకన్నా ఎవరికి తెలుసు? ఒకటి గుర్తుంచుకోండి, ఒంటికి పోతూ పోతూ మధ్యలో ఆపడం అలవాటు చేసుకోవద్దు. ఎట్లా బిగించాలో తెలుసుకోవడానికి ఒకసారి చూస్తే చాలు.

తట్ట ఎత్తే ముందు, దగ్గు వచ్చే ముందు ఆ చోటు బిగించి, తర్వాత ఎత్తండి, తర్వాత దగ్గండి. మోట తాడు పట్టినట్టే.

రెండో రకం వాళ్లకు సంచికి బుద్ధి నేర్పడం ఉంటుంది. గంటకోసారి పోతున్నవాళ్లు, పోవాలనిపించినప్పుడు ఉరకకుండా కూర్చొని బిగించి, పది నిమిషాలు ఆగి పోవాలి. వారం గడిచినాక ఇంకో పది నిమిషాలు పెంచాలి. రెండు మూడు గంటలు వచ్చేదాకా పెంచుకుంటూ పోవాలి. తక్కువలో తక్కువ ఆరు వారాలు పడుతుంది. దీనికి మందు గోలీలు కూడా ఉన్నాయి, డాక్టరు రాస్తాడు. మొదటి రకానికి కసరత్తుతో తగ్గకపోతే చిన్న ఆపరేషన్ ఉంది. గర్భసంచి జారినవాళ్లకు లోపల రింగు పెడతారు, అది కావాలంటే తీయొచ్చు. మడత బట్ట వాడేవాళ్లు దాన్ని సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. కట్టెల చాటున కాదు.

ఊరి ఆర్‌ఎంపీ సూది దగ్గర ఆగొద్దు. మూత్రం పరీక్ష, షుగరు పరీక్ష చేయించండి. మంట, జ్వరం, మూత్రంలో రక్తం, ఒంటేలు అసలే రాకపోవడం, కాళ్లలో స్పర్శ తప్పడం, కింద గడ్డలాగ బయటికి రావడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు. కాన్పయిన ఆరు గంటల్లో ఒంటికి రాకపోతే నర్సమ్మకు చెప్పాలి. 'సిగ్గు' అని ఊకోవద్దు.

ఇప్పుడు ఒక హెచ్చరిక. "ఒంటేలు ఆగుతలేదు, తెల్లబట్ట అవుతున్నది, నడుము నొస్తున్నది" అని పోతే "గర్భసంచి తీసేస్తే అన్నీ పోతాయి" అనే డాక్టర్లు ఉన్నారు. పిల్లలు అయిపోయారు గదా, ఇంకా ఎందుకు అంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్లు దేశమంతటా నూటికి ముగ్గురు. తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది. మన రెండు తెలుగు రాష్ట్రాలే దేశంలో ముందున్నాయి. ఏ విషయంలో ముందున్నామో చూడండి!

కొన్ని జబ్బులకు గర్భసంచి తీయక తప్పదు, దాన్ని మేము కాదనడం లేదు. మూత్రం కారడానికి మాత్రం అది మందు కాదు. గర్భసంచి తీసేస్తే కారడం తర్వాత కాలంలో పెరిగే ప్రమాదమే ఉంది. అండాశయాలు కూడా తీస్తే ఎముకలు బోలుబడతాయి. తీసేటప్పుడు మూత్రపు సంచికి కత్తి తగిలితే ఫిస్టులా పడుతుంది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ పేద స్త్రీల మీద జరిగిన ఈ అన్యాయం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు చెప్పింది. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం 2022లో ఇచ్చిన నియమాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలన్నది. ఆ నియమాల ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక పర్యవేక్షణ కమిటీ ఉండాలి. మన మూడు జిల్లాల్లో ఆ కమిటీలో ఎవరున్నారు, ఎన్ని కేసులు చూశారు? అడుగుదాము. లెటర్ రాసి అడుగుదాము. మీరు మాత్రం ఒక్క డాక్టరు మాట మీద సంతకం పెట్టొద్దు. రెండో డాక్టరును అడగండి.

ఇక తూటు పడ్డ రకం. నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగి రోజంతా, రెండు రోజులు ఆగితే, బిడ్డ తల ఒత్తిడికి ఆ చోట రక్తం ఆడక కండ చచ్చిపోతుంది. కొన్ని రోజులకు రాలిపోయి రంధ్రం పడుతుంది. దీన్ని కుడతారు, బాగవుతుంది. మొదట్లోనే కనిపెట్టి గొట్టం వేసి కొన్ని వారాలు సంచిని ఖాళీగా ఉంచితే చిన్న రంధ్రం తనంతట తానే మూసుకోవచ్చు కూడా.

ఈ కుట్టుడు విద్య ఎక్కడ నేర్చుకున్నారో తెలుసునా? అమెరికాలో అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీ ఊరిలో, 1845 నుంచి 1849 దాకా. జె. మేరియన్ సిమ్స్ అనే తెల్ల డాక్టరు నల్ల బానిస స్త్రీల మీద, మత్తు ఇవ్వకుండా, కోసి కుట్టి కోసి కుట్టి నేర్చుకున్నాడు. వాళ్లలో ముగ్గురి పేర్లు మిగిలాయి. అనార్కా, బెట్సీ, లూసీ. అనార్కా ఒక్కదానికే ముప్పయి సార్లు చేశాడు. డాక్టరుకు న్యూయార్క్‌లో విగ్రహం పెట్టారు. నల్లజాతి వాళ్లు ఏండ్ల తరబడి అడిగితే 2018 ఏప్రిల్‌లో దాన్ని సెంట్రల్ పార్క్ నుంచి తీసేశారు. 2021లో మాంట్‌గొమరీలో ఆ ముగ్గురు తల్లుల విగ్రహాలు లేచాయి. మన తాతలు కుట్టిన మోటతో ఊరి పొలాలు పారినాయి, మన గేరికి మాత్రం నీళ్లు రాలేదు. అక్కడా అదే కథ. ఎవరి ఒళ్లు కోసి విద్య నేర్చుకున్నారో వాళ్ల బిడ్డలకే ఆ వైద్యం ఆఖరున అందుతుంది.

వెనక నిలబడ్డ అన్నలకు, కార్యకర్తలకు రెండు మాటలు. ఇది 'ఆడవాళ్ల లోపలి సంగతి' కాదు. నేపాల్‌లో బరువులు మోసి, కాన్పుకు విశ్రాంతి లేక గర్భసంచి జారిన ఆడవాళ్ల గురించి కేసు వేస్తే, 2008లో వాళ్ల సుప్రీంకోర్టు అది హక్కుల ఉల్లంఘన అన్నది, సర్కారు బాధ్యత అన్నది. కొండల్లో మోపులు మోసే ఆడవాళ్లకు వచ్చిన మాట, కట్టల మీద తట్టలు మోసే మనకు ఎందుకు రాదు?

మనము అడగాల్సినవి ఇవి. నాగర్‌కర్నూలు, వనపర్తిలో 2022లో, గద్వాలలో 2024లో సర్కారు మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఆ ఆస్పత్రుల్లో వారానికి ఒక రోజు ఈ జబ్బుకే ఓపీ పెట్టాలి, ఆడ డాక్టరును కూర్చోబెట్టాలి. కాన్పు అయిన ప్రతి తల్లినీ ఆశ అక్క, ఏఎన్‌ఎం 'ఒంటేలు ఆగుతున్నదా' అని అడగాలి, కసరత్తు నేర్పాలి. పని చోట చాటు, నీళ్లు ఉండాలి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టమే పని చోట మరుగుదొడ్లు ఉండాలన్నది, కాగితం మీద. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలన్నది. తలుపు, గొళ్లెం, నీళ్లు లేని గదిని మేము మరుగుదొడ్డి అని లెక్క రాయము. మీ ఊరి బడిలో మీరు పోయి చూడండి.

ఇంట్లో మగవాళ్లు చేయాల్సింది అంతకన్నా సులువు. కాన్పయిన ఇంట్లో బిందె నువ్వు మోయి. మూడు నెలలు మోపు నువ్వెత్తు. రాత్రి ఆమె లేస్తే విసుక్కోకు, దీపం చూపించు. 'వాసన' అన్న మాట నోట్లోంచి రానీయకు. మనల్ని ఆ మాట అన్నవాళ్లను మనము ఏమన్నామో యాదుంచుకో.

ఆఖరుకు ఒకటి. ఇక మీద కూటం పెట్టే ముందు మైకు, షామియానా కన్నా మొదలు పాయిఖానా ఎక్కడున్నదో చూడండి. అది లేని చోట కూటం పెట్టొద్దు. అది ఎక్కడున్నదో మొదటి మాటగా మైకులో చెప్పండి. ఈ రోజు మేము చెప్పలేదు, తప్పు మాదే. ఇదిగో, ఈ హాలు వెనక ఎడమ దిక్కు ఉన్నది, నీళ్లు నింపి పెట్టినాము.

గడప దగ్గర కూర్చున్న అక్కలారా, లేచి పోయి రండి, మళ్లీ రండి. మీరు వచ్చేదాకా ఆగుతాము. వచ్చినాక ముందర చాప మీద కూర్చోండి. మా అమ్మ కూర్చోలేకపోయిన చోటు అది.

జై భీమ్.